చీటీలో పేరు రాయొద్దన్న పాస్టరమ్మ

పోయిన నెలలో ఒక పాత కేసులో సాక్ష్యం చెప్పడానికి కృష్ణగిరి కోర్టుకు వెళ్ళాను. పోలీసు ఉద్యోగం నుంచి రిటైరై రెండేళ్ళయినా సమన్లు మాత్రం నన్ను వదలడం లేదు. వరండాలో బెంచీ మీద కూర్చుని, లోపలి నుంచి నా పేరు ఎప్పుడు పిలుస్తారా అని ఎదురుచూస్తుంటే ఫోను మోగింది. హోసూరు నుంచి పాస్టరుగారు. "అమ్మా, మా ఆమె పొద్దున్నే పోయింది. కాఫీ అడిగింది, నేను తెచ్చేలోపల పోయింది," అన్నాడు. అంతలోనే లోపల నా పేరు పిలిచారు.

బోనెక్కి ఏం చెప్పానో నాకే సరిగ్గా గుర్తులేదు. అడిగినదానికి జవాబు చెప్పి దిగి వచ్చినట్టున్నాను. ఏడ్చింది మాత్రం బస్సులో, శూళగిరి దాటాక. ముప్పై ఏళ్ళకు పైగా ఖాకీ వేసుకున్న మనిషిని, నలుగురిలో ఏడవడం నాకు చేతకాదనుకునేదాన్ని. పక్క సీటులో కూర్చున్న మామిడికాయల వ్యాపారి కిటికీ వైపు జరగమని నాకు చోటిచ్చి, హోసూరు వచ్చేదాకా నా వైపు చూడలేదు. మంచి మనిషి.

పోయినామెను మా హోసూరు మహిళా పోలీసు స్టేషన్లో అందరం పాస్టరమ్మ అనేవాళ్ళం. ఆమె భర్తకు మూకండపల్లిలో ఒక చిన్న చర్చి ఉంది. రేకుల కప్పు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మైకు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆంధ్రా నుంచి ఫ్యాక్టరీ పనులకు వచ్చిన తెలుగు కుటుంబాలు. ఆమె పుట్టిల్లు కుప్పం వైపు. నేను హోసూరు పక్క పల్లెలో పుట్టినదాన్ని. ఇద్దరిదీ ఒకే యాస కాబట్టి మా మధ్య మర్యాదల బరువు తొందరగానే దిగిపోయింది. నేను క్రైస్తవురాలిని కాదు. మా గడపకు శుక్రవారం శుక్రవారం పసుపు రాస్తాను. ఆమె నన్ను ఒక్కనాడూ మతంలోకి రమ్మనలేదు, నేనూ ఆమెకు ఒక్కనాడూ బొట్టు పెట్టబోలేదు.

మొదటిసారి ఆమె మా స్టేషనుకు వచ్చింది కేసు పెట్టడానికి కాదు, ఆపడానికి. దవడ వాచిన ఒక ఆడపిల్ల చెబుతుంటే నేను రాసుకుంటున్నాను. పాస్టరమ్మ వచ్చి నా బల్ల ముందు నిలబడి, "కేసొద్దమ్మా, సంసారం పాడైపోతాది. మేము ప్రార్థన చేసి సర్దుతాము," అంది. నాకు ఒళ్ళు మండింది. "మీరు ప్రార్థన చేసి పంపిస్తారు, మేము రాజీ రాయించి పంపిస్తాము. తన్నులు తినేది మాత్రం ఈ పిల్ల," అన్నాను. మాట అంటే అన్నాను కానీ, ఆ సాయంత్రం రాజీ కాగితం రాయించింది నేనే. మా స్టేషన్లో అప్పట్లో అదే పద్ధతి. భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఇద్దరినీ సమానంగా తిట్టి, సంతకాలు తీసుకుని పంపడం. ఆమె చర్చిలో పద్ధతి కూడా ఇంచుమించు అదే, చేతిలో చెయ్యి వేయించి తల మీద చెయ్యి పెట్టడం.

నాలుగు నెలలకు అదే పిల్ల మళ్ళీ వచ్చింది. ఈసారి నడవలేకపోతుంటే పాస్టరమ్మే పట్టుకుని తీసుకువచ్చింది. బల్ల ముందు కూర్చుని, "అమ్మా, మనిద్దరమూ తప్పు చేసినాము. నువ్వు కాగితంతో చేసినావు, నేను నోటితో చేసినాను," అంది. నన్ను అంత సూటిగా నిలదీసిన మనిషి మా డిపార్టుమెంటులో కూడా లేరు. కోపం రాలేదు. సిగ్గుపడ్డాను.

మేం కలిసి పనిచేయడం అక్కడ మొదలైంది. మొగుడు కొట్టిన ఆడది పోలీసు స్టేషను మెట్లెక్కితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. చర్చికి వెళితే ఎవరూ పట్టించుకోరు. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఆడవాళ్ళే ఎక్కువ వస్తారు. అందుకని మా ఆఫీసరమ్మ దగ్గర అనుమతి తీసుకుని, శుక్రవారాలు నేను మామూలు చీర కట్టుకుని, తల మీద కొంగు వేసుకుని చివరి వరసలో కూర్చునేదాన్ని. మాట్లాడాలనుకున్నవాళ్ళు పాటలు పాడే సమయంలో లేచి వెనక గదిలోకి వచ్చేవాళ్ళు. ఫిర్యాదు అక్కడే రాసుకునేదాన్ని. నేను చర్చికి పోతున్నానని మా వీధిలో చూసినవాళ్ళు మా అత్తకు చెప్పారు. ఆమె మూడు రోజులు నా చేతి వంట తినలేదు. ఈ సంగతి చెబితే పాస్టరమ్మ కడుపు పట్టుకుని నవ్వి, "మీ అత్తను కూడా పిల్చుకుని రా, ఆమెకేమన్నా కంప్లయింటు ఉంటే రాసుకుందాము," అంది.

ఆ వెనక గదిలో ఆమె దగ్గర నేను నేర్చుకున్నది ట్రైనింగులో ఎవరూ నేర్పలేదు. వచ్చినామె వెంట ఆడబిడ్డ ఉంటే, ఆ బిడ్డను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వుతూ, జడ వేస్తూ తల్లి మాట వినేది. తల్లి ముఖంలోకి చూసేది కాదు. "మొగం చూస్తే చెప్పలేరమ్మా. చేతులకు పనుంటే చెవులు బాగా వినబడతాయి," అనేది. ఆమె చేతిసంచీలో బైబిలు పక్కన ఒక దువ్వెన, రబ్బరు బ్యాండ్ల పొట్లం ఎప్పుడూ ఉండేవి. ఇంకొకటి, "ఎందుకు కొట్టినాడు?" అని ఆమె ఎవరినీ అడగలేదు. నేను పాత అలవాటున అడగబోతే నా కాలు తొక్కేది. శుక్రవారాలు చీరతో పాటు చెప్పులే, బూట్లు ఉండవు కదా, బాగానే నొప్పి పుట్టేది.

మగవాళ్ళను ఆమె వదిలిపెట్టేసిందని అనుకోకండి. లాకప్పులో ఉన్నవాడి దగ్గరికి కూడా వెళ్ళేది. నేను విసుక్కుంటే, "వాన్ని నేను ఇడిచిపెట్టలేను. ఆ పిల్లను మళ్ళా వాని చేతికి ఇయ్యలేను. రెండూ నా పనే," అనేది.

ఇక చెప్పాల్సిన సంగతికి వస్తాను. ఇది చెప్పకుండా పొగిడితే ఆమెకే నచ్చదు.

చిన్న వయసు పిల్ల ఒకామె, మూడేళ్ళ పాపకు తల్లి, భర్త చేతిలో చావు తప్పించుకుని మా దగ్గరికి వచ్చింది. పేరు రాయను, ఊర్లు కూడా రాయను. భర్త ఆమె కోసం పని మానేసి తిరుగుతున్నాడు, దొరికితే చంపుతానని తోటి కూలీలతోనే చెప్పాడు. పాస్టరమ్మ ఆ పిల్లను కృష్ణగిరి అవతల ఒక పల్లెలో, తమ చర్చి సంఘానికే చెందిన ఒక ముసలి దంపతుల ఇంట్లో దాచింది. పక్కనే మామిడి గుజ్జు తీసే చోట పని కూడా దొరికింది. ఆ చోటు తెలిసినవాళ్ళం నలుగురమే. పాస్టరమ్మ, నేను, ఆ దంపతులు. పాస్టరుగారికి కూడా చెప్పలేదు. "తెలీకపోతే ఆయనకు అబద్ధం చెప్పే పని తప్పుతాది," అంది.

ఆ చర్చిలో ఒక ఆచారం ఉంది. గుమ్మం దగ్గర ఒక పెట్టె పెడతారు. ప్రార్థన మనవులు ఉన్నవాళ్ళు చీటీ రాసి అందులో వేస్తారు. ఆదివారం పాస్టరమ్మ మైకులో ఆ చీటీలు చదువుతుంది. పేరు, ఊరు, కష్టం. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తారు. ఫలానా మనిషి కోసం అని తెలిస్తేనే కదా మనసు పెట్టి ప్రార్థించేది అని వాళ్ళ నమ్మకం.

ఆ ఆదివారం ఆ ముసలామె ఆ పిల్లను ఇంట్లో ఉంచి, భర్తతో కలిసి బస్సెక్కి ప్రార్థనకు వచ్చింది. ప్రేమ కొద్దీ ఒక చీటీ రాసి పెట్టెలో వేసింది. ఫలానా ఊర్లో మా ఇంట్లో బిడ్డతో ఉంటున్న మా చెల్లెలు ఫలానా కోసం, ఆమె భర్త మనసు మారడం కోసం ప్రార్థించండి అని. చర్చిలో ఆడవాళ్ళందరూ అక్కచెల్లెళ్ళే. పాస్టరమ్మ వరసగా చీటీలు చదువుకుంటూ పోతోంది. చూపు చీటీ మీద ఉంది, నోరు చదివేసింది. అప్పటికి మూడు వారాలుగా ఆ భర్త చర్చికి వస్తున్నాడు. పాస్టరుగారు రమ్మంటే వచ్చి, మగవాళ్ళ వైపు చివరి కుర్చీలో కూర్చుని ఏడ్చేవాడు. మనిషి మారుతున్నాడని ఆయన సంతోషపడుతున్నాడు. ఆ రోజు కూడా వాడు అక్కడే ఉన్నాడు.

చదివాక, అలవాటు ప్రకారం, పాస్టరమ్మ కళ్ళు మూసుకుంది. సంఘమంతా కళ్ళు మూసుకుంది. ప్రార్థన అయ్యాక కళ్ళు తెరిచి చూస్తే చివరి కుర్చీ ఖాళీ.

నాకు ఆ రోజు వారాంతపు సెలవు, పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను. ఫోనులో ఆమె గొంతు నేను గుర్తుపట్టలేదు. "నేనే చెప్పేసినానమ్మా. మైకులో చెప్పేసినాను, ఊరు పేరుతో సహా. మాట బయటికొచ్చినాక కండ్లు మూసుకున్నాను. వాడు పోయినాడమ్మా, బండి మీద పోయినాడు," అంది. ఆ పిల్ల ఫోను ఆపి ఉంది. సాయంత్రం తప్ప తెరవొద్దని చెప్పింది నేనే. అక్కడికి దగ్గర్లో ఉన్న స్టేషనుకు ఫోను చేసి, తెలిసిన ఎస్సై కాళ్ళావేళ్ళా పడ్డాను. ఇద్దరు కానిస్టేబుళ్ళను పంపుతానన్నాడు. సంఘంలో ఒకరి కారులో పాస్టరమ్మా, ఆ దంపతులూ వచ్చి మెయిన్ రోడ్డు మీద నన్ను ఎక్కించుకున్నారు.

ముసలామె వెనక సీటులో కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూనే ఉంది. పాస్టరమ్మ మాత్రం ఆ దారి పొడవునా కళ్ళు మూయలేదు. ముందు సీటులో కూర్చుని, మేం దాటుతున్న ప్రతి బండి మీదున్న ప్రతి మగవాణ్ణీ చూస్తూ వచ్చింది.

మేం చేరేసరికి కానిస్టేబుళ్ళు వాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి ఉన్నారు. వీధి తలుపు గడియ వంగిపోయి ఉంది. వాళ్ళు ఇంకొంచెం ఆలస్యంగా వచ్చి ఉంటే ఏమయ్యేదో వాడి చేతిలో నుంచి లాక్కున్న కత్తిని చూస్తే తెలిసింది. ఆ పిల్ల లోపలి గదిలో పాపతో సహా దూరి, బియ్యం డ్రమ్ము తలుపుకు అడ్డం జరిపి కూర్చుంది. పోలీసులని చెప్పినా తీయలేదు, నేనని చెప్పినా తీయలేదు. చాలాసేపటికి లోపల నుంచి ఒక్క మాట వచ్చింది. "ఎవరు చెప్పినారు?"

చీటీ రాసిన ముసలామె నోరు తెరవబోయింది. పాస్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, తలుపు దగ్గర నేల మీద కూర్చుంది. "నేనేనమ్మా. నేనే చెప్పినాను," అంది. పొరపాటున అని చెప్పుకోలేదు, తెలియక అని చెప్పుకోలేదు. అరగంట సేపు ఆ తలుపుకు ఆనుకుని అట్లాగే కూర్చుంది. ఆ తర్వాత డ్రమ్ము జరిగిన చప్పుడు వినిపించింది. తలుపు తెరిచి ఆ పిల్ల పాస్టరమ్మ ముఖంలోకి చూసి, "మీరు కూడానా అమ్మా?" అంది. నేను నా ఉద్యోగంలో చాలా శవాలను చూశాను. పాస్టరమ్మ ఆ క్షణంలో ఎట్లా ఉందో మాత్రం ఇంకెక్కడా చూడలేదు.

వాడు జైలుకు వెళ్ళాడు. ఆ పిల్ల మాత్రం కుదురుకున్న పనిని, అలవాటుపడిన ఇంటిని వదులుకుని ఇంకో చోటికి పోవలసి వచ్చింది. తప్పు వాడిది, మూట సర్దుకున్నది ఈమె. ఈసారి ఆ చోటు తెలిసింది పాస్టరమ్మకూ నాకూ మాత్రమే.

మరుసటి ఆదివారం ఆమె అదే మైకు ముందు నిలబడి, పేర్లేవీ లేకుండా, తన నోటి వల్ల ఒక ఆడబిడ్డ ప్రాణం మీదికి వచ్చిందని సంఘానికి చెప్పింది. ఇక చీటీలో పేరు రాయొద్దు, ఊరు రాయొద్దు, ఒక చెల్లెలు అని రాస్తే చాలు అంది. సంగతి తెలిసి మా ఆఫీసరమ్మ హోసూరు చుట్టుపక్కల చర్చిల పాస్టర్లందరినీ పిలిచి మీటింగు పెట్టింది. ప్రతి పాస్టరూ మాట్లాడే ముందు ఒక ప్రార్థన చేశాడు కాబట్టి మీటింగు మధ్యాహ్నం దాకా సాగింది. చివర్లో ఒక పెద్దాయన లేచి, "పేరు తెలీకుండా ఎట్ల ప్రార్థన చేసేదమ్మా?" అని అడిగాడు. పాస్టరమ్మ, "దేవునికి అడ్రసు తెల్సు కదయ్యా. మనం మైకులో చెప్పే పనేముండాది?" అంది. ఆ తర్వాత మరో నాలుగు చర్చిలు తమ వెనక గదులను మాకు ఇచ్చాయి. వాటిలో తమిళ చర్చిలు కూడా ఉన్నాయి.

ఆమె అంతటితో ఊరుకుంటే బాగుండేదని అప్పట్లో అనుకున్నాను. ఒకరోజు మా స్టేషను వరండాలో వచ్చి కూర్చుంది. మా కానిస్టేబులు గుమ్మంలో నిలబడి, అలవాటు ప్రకారం, ఊరి పేరు, ఆడమనిషి పేరు, మొగుడి పేరు కలిపి గట్టిగా కేకేసి లోపలికి పిలుస్తోంది. పాస్టరమ్మ నా దగ్గరికి వచ్చి, "మీకు మైకు లేదు, అంతేనమ్మా తేడా," అంది. నాకు చెడ్డ కోపం వచ్చింది. మా పని మాకు నేర్పొద్దన్నాను. వారం రోజులు మాట్లాడలేదు, ఆ శుక్రవారం చర్చికి కూడా పోలేదు. తర్వాతి సోమవారం పేర్లకు బదులు పిలవడానికి అట్టముక్కలు కత్తిరించి నంబర్లు రాసి వరండాలో ఇవ్వడం మొదలుపెట్టాను. ఆ సంగతి విని కూడా తనే గెలిచినట్టు ఆమె ఒక్క మాట అనలేదు. శుక్రవారం నా పక్కన వచ్చి కూర్చుని, తన పాటల పుస్తకం నా చేతికిచ్చి, నాకు రాని పాట నా చేత పాడించింది. ఆమెకూ శ్రుతి ఉండేది కాదు, నాకూ లేదు. ముందు వరస వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

చివరి ఏడాది ఆమెకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. ఒక మధ్యాహ్నం చూడడానికి వెళ్ళినప్పుడు, భర్త అవతల గదిలో ఉండగా నా చెయ్యి పట్టుకుని, "నేను పోతే ఆ పిల్ల యాడుండాదో నీకొక్కదానికే తెల్సేది. ఎవరికీ చెప్పొద్దు. మా ఆయనకు కూడా," అంది. "నాకేం మతిపోయిందా?" అని కసిరాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె మాత్రం తృప్తిగా నవ్వింది.

సమాధి చేసిన తర్వాతి వారం చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. జనం పట్టక రోడ్డు మీద కూడా షామియానా వేశారు. ఇట్లాంటి కూడికల్లో పోయినవాళ్ళ గురించి ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెబుతారు. పాటల గురించి, పిల్లలకు ఆమె చెప్పిన పాఠాల గురించి చెప్పారు. చివర్లో పాస్టరుగారు మైకు తీసుకుని, "మా ఆమె పోలీసువాళ్ళతో కలిసి ఎన్నో కుటుంబాలకు సాయం చేసింది. నాకేమీ చెప్పేది కాదు. వాళ్ళలో ఎవరన్నా ఈడ ఉంటే, లేచి ఒక్క మాట చెప్పండి," అన్నాడు.

ఎవరూ లేవలేదు. ఆడవాళ్ళ వైపు నాకు తెలిసిన ముఖాలు ఎన్నో ఉన్నాయి. నేను తల తిప్పలేదు. పోలీసుదాని చూపు ఒకామె మీద ఆగితే చాలు, పక్కామెకు అనుమానం వస్తుంది. ఆయన చాలాసేపు ఎదురుచూశాడు. భార్య చేసిన మేలు తలుచుకునేవాళ్ళు ఒక్కరూ రాలేదా అని ఆ ముసలి ముఖం చిన్నబోయింది. లేచి చెప్పేద్దామా అని నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆయన ఆ నిశ్శబ్దంలో ఆడవాళ్ళ వైపే చూస్తూ నిలబడి, నిలబడి, మెల్లగా ఏదో అర్థమైనట్టు తల ఊపి, "కూర్చునే ఉండండమ్మా. అందరూ కూర్చునే ఉండండి," అని మైకు ఆపేశాడు.

తర్వాత రోడ్డు మీద షామియానా కింద ఆకులు వేసి భోజనాలు పెట్టారు. వడ్డించేవాళ్ళలో ఒకామె సాంబారు బకెట్టు పట్టుకుని వరస వెంట వస్తోంది. నా ఆకు ముందుకు వచ్చాక తలెత్తి చూశాను. ఆ పిల్లే, బియ్యం డ్రమ్ము అడ్డం పెట్టుకుని కూర్చున్న పిల్ల. కాస్త ఒళ్ళు చేసింది. అంత దూరం నుంచి ఎప్పుడు బయలుదేరిందో, ఎవరు చెప్పారో నాకు తెలియదు. నన్ను ఎన్నడూ చూడనట్టు చూసి, "కొంచెం వెయ్యనా అమ్మా?" అంది. "వెయ్యమ్మా," అన్నాను, ఎవరో తెలియని మనిషితో అన్నట్టు. గరిటె వంచుతున్నప్పుడు ఆమె కళ్ళు నిండి చెంపల మీదికి కారాయి. బకెట్టు కింద పెట్టలేదు. భుజానికేసి ముఖం తుడుచుకుని, పక్క ఆకు దగ్గరికి వెళ్ళిపోయింది.